ఆ మాట జైలు చూసినవాళ్లతోనే చెప్పించండి సార్

జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి నమస్కారం.

గంజాయి జోలికి పోవద్దని, జైలు జీవితం చూసినవాళ్లతో కాలేజీ పిల్లలకు నాలుగు మాటలు చెప్పించమని మేం పెట్టుకున్న అర్జీలు మీ దాకా వచ్చాయో లేదో తెలియదు. ఇచ్చిన ప్రతిచోటా "పైకి పంపాం" అన్నారు. ఒక అధికారి మా స్టేజీ మీదే "తప్పకుండా చేద్దాం" అని మాటిచ్చారు. ఆయనకు బదిలీ అయింది, ఆ మాటా ఆయనతోనే పోయింది. అందుకే ఇలా అందరి ముందు రాయాల్సి వస్తోంది.

మాది 65వ నంబరు హైవే పక్క ఊరు. ఈ రోడ్డు మీద గంజాయి ఎలా పోతుందో మీకు చెప్పక్కర్లేదు. బ్యాగు మోస్తే డబ్బులిస్తామంటే పోయే పిల్లలకు, సరుకు 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలని, బెయిలు కూడా అంత తేలిగ్గా రాదని తెలియదు. ఏటా జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం రోజు ర్యాలీ తీస్తాం, ప్రతిజ్ఞ చేయిస్తాం. పోలీసులూ వచ్చి చెబుతారు. పిల్లలు తలలూపుతారు, సాయంత్రానికి మరిచిపోతారు.

శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన పక్క ఊరి అబ్బాయిని బతిమాలి ఒకసారి తీసుకొచ్చాం. మైకు పట్టుకోవడం కూడా రాలేదతనికి. "ములాఖత్‌కు మా అమ్మ వచ్చేది. జాలీకి అవతల నిలబడి ఏదో చెప్తుండె. చుట్టూ లొల్లి, ఒక్క ముక్క వినపడకపోయేది. వినపడ్డట్టే తలకాయ ఊపేటోన్ని" అన్నాడు. వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా తలెత్తారు. అయ్యాక ఒక కుర్రాడు గేటు దగ్గర అతన్ని ఆపి చాలాసేపు మాట్లాడాడు. మాతో ఏ రోజూ అంతసేపు మాట్లాడిన పిల్లాడు కాదు.

మళ్లీ రమ్మంటే అతను రానన్నాడు. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. పాత సంగతి నలుగురిలో చెప్పుకుంటే పిల్లనెవరిస్తారని భయం. వాళ్లనేం తప్పు పడతాం? మాబోటి వాళ్లం సొంతంగా చేస్తే ఇంతే. శాఖ పూనుకోవాలి సార్.

భద్రత అడ్డమా? శిక్ష పడ్డ ఖైదీలు మీ పెట్రోల్ బంకుల్లో జనం మధ్యే నిలబడి పని చేస్తున్నారు. చదువొచ్చిన ఖైదీలతో చదువురానివాళ్లకు అక్షరాలు నేర్పించిన శాఖ మీది. సత్ప్రవర్తన ఉండి, ఇష్టపడి ముందుకొచ్చేవాళ్లను ఎస్కార్టుతో ఒక్క గంట పంపలేరా? అదీ కుదరదంటే, కోర్టు వాయిదాలకు చూపిస్తున్నట్టు వీడియోలో మాట్లాడించండి. ముఖం చూపించక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు, గొంతు వినిపిస్తే చాలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా జైళ్ల నుంచే మొదలుపెట్టండి. వచ్చి మాట్లాడిన ఖైదీకి ఆ మంచి పని రికార్డులో రాయండి.

ఇంటర్ పిల్లలు మా దగ్గర ఉండేది రెండేళ్లే. పరీక్షలయ్యాక ఎవరు ఎటు పోతారో మాకు తెలియదు. దయచేసి ఈ ఏడాది దాటకముందే ఏదో ఒకటి చెప్పండి. కాదంటే కాదనైనా రాసి పంపండి, మేం ఇంకో దారి వెతుక్కుంటాం.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్,
నల్లగొండ జిల్లా