రెక్సినా, గుడ్డనా, రేకునా?

నల్లగొండ
ఆదివారం

బావా,

ఎట్లున్నవ్? చెల్లె, పిల్లలు మంచిగున్నరా? నీ మెసేజ్ నిన్న మాపటికి చూసిన. జడ్చర్లల ఆ పాత మహీంద్రా థార్ జీపు తీస్కోవాల్నా, సాఫ్ట్ టాప్‌తోని, అంటే ఇప్పి మడిచే గుడ్డ కప్పుతోని, పరేషాన్ అయితదా, తర్వాత దాని మీద రేకు టాప్ ఎక్కించొచ్చా అని మూడు సంగతులు ఒక్క లైన్ల అడిగేసినవ్. ఫోన్ల చెప్తే సగం ఇంటవ్, సగం ఇడుస్తవ్. అందుకే కూసొని రాస్తున్న. చాయ్ పెట్టుకొని సదువు.

ముందుగాల ఆ మూడోదే తెంపుదాం. తర్వాత రేకు టాపో ఫైబర్ టాపో ఎక్కిద్దామని మనసుల పెట్టుకొని మాత్రం సాఫ్ట్ టాప్ బండి కొనకు. మోటారు వాహనాల చట్టంల సెక్షన్ 52 అని ఒకటున్నది. కంపెనీ తయారుచేసిన తీరుకు, ఆర్‌సీల రాసినదానికి తేడా వచ్చేటట్టు బండిని మన ఇష్టమొచ్చినట్టు మార్చొద్దంటది. 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ గదే గట్టిగ చెప్పింది. "ఎంతమంది తిరుగుతలేరు" అంటవ్. తిరుగుతరు. యాక్సిడెంట్ అయి, ఇన్సూరెన్సాయన వచ్చి ఫొటోలు తీసుకపోయిన రోజు తెలుస్తది కథ. రేకే కావాల్నంటే రేకుతోని వచ్చిన బండే చూడు. 2020 అక్టోబర్ 2న వచ్చిన కొత్త థార్‌ల హార్డ్ టాప్, మడిచే సాఫ్ట్ టాప్ రెండూ కంపెనీయే ఇచ్చింది. 2024ల వచ్చిన అయిదు తలుపుల రాక్స్‌ల గుడ్డ ముచ్చటే లేదు. నువ్వు చూసింది 2010ల మొదలైన పాత మోడల్. అది గుడ్డతోనే పుట్టిన బండి, గుడ్డతోనే ఉండనీయ్.

ఇగ అసలు ప్రశ్న. నువ్వు టాప్ ఇప్పుతవా? నిజం చెప్పు. నాకు తెలిసినోళ్లల్ల సాఫ్ట్ టాప్ బండ్లున్నోళ్లు మస్తుమంది ఉన్నరు, ఇప్పేటోళ్లు తక్కువ. కొన్న కొత్తల రెండు వారాలు మురిసి, ఫొటోలు దిగి, తర్వాత జిప్పులు అట్లనే తుప్పు పట్టనిస్తరు. అట్లయితే నీకు మోత మిగులుతది, ఎండ మిగులుతది, సుఖం మాత్రం రాదు. నీ సంగతి వేరనే అనుకుంటున్న. నువ్వు రోజూ హైదరాబాద్ పోయొచ్చేటోనివి కాదు. కొల్లాపూర్ కాడ చేను, నడుమ నడుమ సోమశిల, ఎప్పుడన్న అచ్చంపేట మీదికెల్లి మన్ననూరు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాంక ఆ తొవ్వలల్ల టాప్ తీసి పోతుంటే వచ్చే మజా రేకు బండిల రాదు. చల్లటి గాలి, తంగేడు, కృష్ణ ఒడ్డున మబ్బుల పూట వాసన, అన్నీ మీదికొస్తయి. మార్చి నుంచి జూన్ నడుమ దాంక పగటిపూట టాప్ ఇప్పే ముచ్చట మర్చిపో. నెత్తి మాడుతది. పొద్దు గూకినంక ఇప్పుకో.

అందరు వాన గురించే భయపడుతరు. మీ పాలమూరుల యాడాదంత కలిపి పడేది 600 మిల్లీమీటర్లకు అటిటు. అదిగూడ నాలుగు నెలలల్ల కొట్టి పోతది. ఎండ మాత్రం పన్నెండు నెలలు కొడుతది. ఇక్కడ నల్లగొండల మే నెల 44, 45 డిగ్రీలు మామూలు. అందుకే మన దిక్కు హుడ్, గదే ఈ మీది టాప్, తీస్కునేటప్పుడు నీళ్లు ఆగుతయా అని కాదు, ఎండకు ఎన్నేండ్లు ఆగుతదని అడగాలె.

రెక్సిన్ అంటే లోపల పాలిస్టర్ గుడ్డ, మీద పీవీసీ పూత. నీళ్లు అస్సలు దిగయి, కడుగుడు అల్కగుంటది, పైసలు తక్కువ. కానీ పీవీసీని మెత్తగ ఉంచే నూనె లాంటి సరుకు ఒకటి దాంట్ల కలిపి ఉంటది. ఎండకు అది మెల్లమెల్లగ ఎగిరిపోతది. గప్పుడు రెక్సిన్ గట్టిపడుతది, మడత కాడ మొదలు పగులుతది. నువ్వు టాప్ ఎంత ఎక్కువ మడిస్తే అంత జల్ది. ఇంకోటి, చలికి అది ముడుసుకుంటది. డిసెంబర్ల పొద్దుగాల టిచ్ బటన్లు పెడ్దామంటే రెండు వేళ్ల దూరం ఆగుతది, ఎంత గుంజినా కలువదు. జబర్దస్తీ గుంజితే బటన్ ఊడి చేతికొస్తది. బండిని గంటసేపు ఎండల పెట్టి గప్పుడు పెట్టు, దానంతట అదే సాగుతది.

గుడ్డ టాప్ అంటే మంచి రకంల మూడు పొరలుంటయి. మీద నేసిన గుడ్డ, నడుమ రబ్బరు, కింద ఇంకో గుడ్డ. మోత తక్కువ, మడిస్తే పగులది, చూడనీకి గూడ దొరతనం ఉంటది. పైసలు ఎక్కువ. దుబ్బ నేతల ఇరుక్కుంటది, కడుగుడు ఓపిక పని. నల్లరేగడి చేన్లకెల్లి వచ్చినంక లేత రంగు గుడ్డను చూస్తే నీకే ఏడుపొస్తది, గందుకే ముదురు రంగు తీస్కో. నలుపు వేడెక్కుతది గదా అంటవ్. ఎక్కుతది. కానీ లోపల ఒక లైనింగ్ కుట్టించుకుంటే శానా ఫరక్ పడుతది, నేను అట్లనే చేసిన. నడుమ పల్చటి ఫోమ్ పెట్టి కుట్టిచ్చిన. ఏసీ ముందటి సీట్ల దాంక అందుతున్నది. ఎనక కూసునేటోళ్ల సంగతి మే నెలల అడగకు.

ఇంతకంటే పెద్ద కథ ప్లాస్టిక్ అద్దాలది. టాప్ పదేండ్లు నడిచినా అద్దాలు అన్నేండ్లు నడువయి. ఎండకు పసుపెక్కుతయి, తర్వాత అప్పడం లెక్క పటుక్కుమంటయి. వాటిని చంపేది సగం ఎండ, సగం మనమే. దుబ్బ పట్టిన అద్దాన్ని పొడి గుడ్డతోని తుడిచినవనుకో, ఆ దుబ్బల ఉన్న ఇసుకే గీతలు గీస్తది. ఎనకకెల్లి లారీ లైట్లు పడ్డప్పుడు ఆ గీతలన్నీ మెరిసి ఎనకేం కనబడదు. ముందుగాల నీళ్లు ధారగ పోసి దుబ్బను పోనియ్యాలె. తర్వాత షాంపూ నీళ్లతోని, పాత మెత్తటి బనీనుతోని, గట్టిగ రుద్దకుంట మీదికెల్లి కిందికి తుడువాలె. ఇంట్ల కిటికీ అద్దాలకు కొట్టే స్ప్రే ఉంటది సూడు, అది వద్దు. దాంట్ల ఉండే అమ్మోనియా ప్లాస్టిక్‌ను మబ్బు పట్టిస్తది. పెట్రోల్ గుడ్డ అయితే ఇంక అధ్వాన్నం. ఇప్పినప్పుడు మడవొద్దు, చాప చుట్టినట్టు చుట్టాలె, నడుమ పాత దుప్పటి పెట్టి. తడి ఉన్నప్పుడు చుట్టి పెడితే బూజు పడుతది, ఆ వాసన సీట్లకు పడితే ఇగ పోదు.

ఇంకోటి ఎవ్వరూ చెప్పరు. ఎండకు కాలిన ఇనుప పైపుకు ప్లాస్టిక్ అద్దం ఆనుకొని ఉంటే అక్కడ గోధుమ రంగు మచ్చ పడుతది, అది ఎన్నటికీ పోదు. పైపుకు తెల్ల గుడ్డ చుట్టుకో, సరిపోతది. ఇగ ఆ అద్దాలకు నల్ల ఫిల్ము గిట్ల అతికిస్తా అనకు. 2012ల సుప్రీంకోర్టు ఫిల్ముల మీద తీర్పిచ్చినప్పటి నుంచి పోలీసులకు అది తేరగ దొరికే చలానా.

దుబ్బ ముచ్చట జర మనసు పెట్టి ఇను, పిల్లలు ఎక్కే బండి గాబట్టి చెప్తున్న. ఎండగున్నదని పక్క అద్దాలు మూసి, ఎనక అద్దం ఒక్కటి ఇప్పుకొని పోతుంటరు శానామంది. బండి ఉరుకుతుంటే ఎనక గాలి ఒత్తిడి తగ్గుతది. గప్పుడు రోడ్డు మీది దుబ్బ, దాంతోని సైలెన్సర్ పొగ గూడ లోపలికి గుంజుకొస్తది. దుబ్బ కనబడుతది, తుడుసుకుంటం. పొగల ఉండే కార్బన్ మోనాక్సైడ్ కనబడదు, వాసన గూడ రాదు. తల నొస్తది, పిల్లలు తూగుతుంటరు, ఎండదెబ్బ అనుకుంటం. ఇప్పితే పక్కలు గూడ ఇప్పు, లేకుంటే ఎనకది మూసెయ్.

పిల్లల మాట వచ్చింది గాబట్టి ఇదిగూడ. గుడ్డను నిలబెట్టే పైపులు వేరు, బండి పల్టీ కొడితే మనల్ని కాపాడే రోల్ కేజ్ వేరు. మొదటిదాన్ని చూసి రెండోది ఉన్నదని అనుకోకు. 2020 మోడల్‌కు కేజ్ కంపెనీ నుంచే వస్తది, ఆ యాడాది నవంబర్ల బండ్లను గుద్దిచ్చి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల నాలుగు స్టార్లు వచ్చినయి. నువ్వు చూసే పాత బండిల ఎనక సీట్లు ఎదురెదురుగ ఉంటయి. టాప్ తీసి పోయేటప్పుడు పిల్లలను అక్కడ నిలబడనియ్యకు, ఎంత మొత్తుకున్నా సరే. ఎన్కట కల్వకుర్తి, అచ్చంపేట జీపులల్ల మనం ఎనక ఏలాడుకుంట పోయినం గదా అంటవ్. పోయినం. బతికి బయటపడ్డం.

కోతుల సంగతి నీకు నేను చెప్పేదేంది. మన్ననూరు, ఉమామహేశ్వరం కాడ వాటికి సాఫ్ట్ టాప్ అంటే తలుపు తెరిచి పెట్టినట్టే. మా పెద్దమ్మ కొడుకు బండిల సీటు కింద పల్లికాయల సంచి ఉండె. గుడి మెట్లెక్కి దిగి వచ్చేసరికి పక్క అద్దం మూల పట్టుకొని కుట్టు పొడుగూత గుంజి పెట్టినయి. లోపల పొట్టు తప్ప ఏం మిగల్లే. తినే సరుకు వాసన గూడ ఉండొద్దు బండిల. మనుషులల్ల గూడ కోతులుంటరు, బ్లేడుతోని ఒక్క గీత గీస్తే చాలు. బ్యాగు, ఫోను, కాయితాలు బండిల పెట్టి పోకు. నేనైతే తాళం వేసే ఇనుప డబ్బా ఒకటి సీటు కింద ఫ్లోర్‌కు బోల్టులు వేసి బిగిచ్చిన. మన్ననూరు కాడ అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాంక మూస్తరు గదా, లేటయి బండిల్నే పండుకోవాల్సి వస్తే గుడ్డ గోడల నడుమ నిద్ర పట్టదు, అది గూడ చెప్తున్న.

వాన గురించి ఒక్క ముచ్చట చెప్పి ఇడుస్త. కారేది గుడ్డలకెల్లి కాదు, కుట్లల్లకెల్లి. ముందటి అద్దం మీది మూల చూడు, అక్కడికెల్లి చుక్క పడి సీదా డ్రైవర్ మోకాలు మీదికొస్తది. సీమ్ సీలర్ దొరుకుతది, ఎండకాలం ఆఖర్ల ఒక పూత పూస్తే వానాకాలం గడుస్తది. హైవే మీద 80 దాటితే గుడ్డ కొట్టుకుంటది. పాటలు ఇనబడయి. చెల్లె మాట్లాడేది గూడ ఇనబడది. కొందరు దాన్ని లాభమంటరు.

ఇగ బండి చూడనీకి పోయినప్పుడు గివన్నీ చెయ్. పగటిపూట పో. లోపల కూసొని మీదికి చూడు, సూది బెజ్జాలల్లకెల్లి ఎలుగు కనబడితే ఆ టాప్ ముసలిదైనట్టే. జిప్పులన్నీ ఒక్కసారి ఇప్పి, మళ్ల పెట్టి చూడు. పండ్లు ఊడితే జిప్పు మార్చాలె, ఒట్టిగ పట్టేస్తుంటే క్యాండిల్ మైనం రుద్దితే జారుతది. టిచ్ బటన్ల స్క్రూల చుట్టు బాడీ మీద తుప్పు చూడు. కార్పెట్ లేపి ముక్కుతోని చూడు, నవ్వకు, బూజు వాసన అన్నీ చెప్తది. ఆఖరికి ఒక బకెట్ నీళ్లు ముందటి అద్దం మీది జాయింట్ కాడ పోయమని, నువ్వు లోపల కూసో. అమ్మేటాయన పోయనియ్యకపోతే గదే జవాబు.

హుడ్ పాడైందని బండి వదిలెయ్యకు, ఇంజను, చాసిస్ బాగుంటే తీస్కో. హుడ్ పేరు చెప్పి ధర మాత్రం గట్టిగ దించు. కొత్త హుడ్ ఇక్కడ కుట్టిద్దాం. మా గల్లీ చివర సీట్లు కుట్టేటాయన ఉన్నడు, పాత మిలిటరీ జీపులకు తాడిపత్రి కుట్టిన చెయ్యి. పాలిస్టర్ దారమే వాడుతడు, నైలాన్ దారం ఎండకు జల్ది సస్తదని ఆయనే చెప్పిండు. రెండు వరుసల కుట్టు వేసి, బటన్ పడే కాడ లోపల ఇంకో ముక్క పెట్టి కుడుతడు. ఎందుకని అడిగితే, "చిరిగేది బటన్ కాదు సార్, బటన్ కింది గుడ్డ" అన్నడు. రెడీమేడ్ హుడ్‌లల్ల ఆ ముక్క ఉన్నదా లేదా అని అప్పటి నుంచి తిప్పి చూస్తున్న, అన్నిట్ల ఉండదు.

బండి దగ్గరికి పోతే హుడ్ లోపలి మూలల ఫొటోలు తీసి పంపు, మీదివి కాదు. పైపు ఫ్రేమ్ వంకర పోయిందా చూసి రాయి, వంకర ఉంటే ఆయన కొలతలు తీసుకోడు, ముందుగాల వెల్డింగ్‌కు పంపుతడు. ఇక్కడికి వచ్చేటట్టయితే శుక్రారం కాకుంట చూసుకో, ఆ రోజు దుకాణం తెరవడు.

నీ బావ