కవరు మీది సంవత్సరాన్ని నమ్మలేం

సంపాదకులకు నమస్కారం.

పాత ఫొటోల సేకరణపై మీ వ్యాసం చదివి, స్వానుభవం ఒకటి రాస్తున్నాను. అమెరికాలో ఉండే మా మేనల్లుడు సంక్రాంతికి హనుమకొండ వచ్చి, బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ఫొటోల కట్ట నా చేతిలో పెట్టి, "మామయ్యా, ఇవి 1940 నాటివట" అన్నాడు. కవరు మీద పెన్సిలుతో అదే రాసి ఉంది. అమ్మినవాడి చేతిరాతే కావచ్చు.

అయితే అందులో జాకీ రాబిన్సన్ ఉన్నాడు. ఆయన ఆ జట్టులోకి వచ్చిందే 1947లో. పైగా ఆయన చొక్కా ముందు భాగాన, జట్టు పేరు కింద 42 అంకె స్పష్టంగా కనిపిస్తోంది. డాడ్జర్స్ చొక్కాలకు ముందువైపు అంకెలు 1952లో వచ్చాయి, రాబిన్సన్ చివరి సీజన్ 1956 కనుక, ఆ ఫొటో తీసింది ఈ అయిదేళ్లలోనే.

తీసిన ఏడూ అచ్చేసిన ఏడూ ఒకటే కానక్కర లేదు. చౌరస్తాలో కిరాణా కొట్టాయన నోట్లు చూసుకునే నీలి దీపం కింద పెడితే కాగితం మెరవలేదు. తర్వాతి కాలపు కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ దీపం కింద మెరుస్తుంది కనుక, మెరిసి ఉంటే తర్వాతి కాలపు నకలని అనుమానించేవాణ్ణి. మెరవకపోవడం ఒక్కటే రుజువు కాదు. కవరు మీది చిరునామాలో, అమెరికాలో 1963లో మొదలైన అయిదంకెల జిప్ కోడ్ కూడా లేదు.

ఇలాంటివి కొనే మన పిల్లలు ముందు చొక్కాను, కవరును చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ