బెంచీలు సరే, కౌలు మాటేంటి?

సంపాదకుడు గారికి,

మా హైస్కూలుకు సోలార్ కంపెనీ 12 బెంచీలు ఇచ్చిందని పోయిన వారం జిల్లా పేజీలో పెద్ద ఫొటో వేశారు. నాయకులు ఎనిమిది మంది, పిల్లలు ఇద్దరు. అప్పుడే రాద్దామనుకున్నా, శనక్కాయ పీకుళ్లు తగిలి ఇన్నాళ్లు పట్టింది. కోపం మాత్రం తగ్గలేదు.

ఆ బెంచీలు దానమేం కాదండీ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఓ స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు పెట్టాలి, అందులోనూ చుట్టుపక్కల ఊళ్లు ముందు చూడాలి. పెట్టాల్సింది పెట్టి శాలువాలు కప్పించుకున్నారు. స్కూలు పక్కనే వాళ్లు కట్టిన మంచినీళ్ల ప్లాంటుకు తాళం పడి ఏడాదిన్నర, ఫిల్టర్ మార్చే దిక్కు లేదు. తాళం తుప్పు పట్టింది, కంపెనీ బోర్డు మాత్రం తళతళలాడుతోంది. ప్యానెళ్లు కడిగే ట్యాంకర్ రోజూ మా వీధి కుళాయి ముందు నుంచే పోతుంది, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తారు.

మా అమ్మాయిని ఇచ్చింది కర్ణాటకలో పావగడ తాలూకాకి. అదీ కరువు నేలే, చాలా ఊళ్లలో మాట్లాడేది తెలుగే. అక్కడ 2,050 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు 13 వేల ఎకరాలు రైతుల దగ్గర కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21 వేలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పట్టా రైతు పేరునే ఉంది. వాన పడకపోయినా బ్యాంకులో డబ్బు పడుతుంది. భూమి లేని కూలోళ్లకు, గొర్రెలోళ్లకు అక్కడా ఒరిగింది తక్కువే, వాళ్లకూ వాటా పెట్టాల్సింది. మా దగ్గర ఆ పాటి కూడా లేదు. ఒక్కసారి డబ్బు చేతిలో పెట్టి సంతకాలు తీసుకున్నారు, అదికాస్తా పెళ్లిళ్లకీ బోర్లకీ అయిపోయింది. తన పొలం చుట్టూ వేసిన కంచెకు ఇప్పుడు ఆ రైతే వాచ్‌మన్, అదీ కాంట్రాక్టరు కింద. ఐటీఐ చదివిన కుర్రాళ్లు వెళ్లి అడిగితే గడ్డి కోసే పని ఉందన్నారు.

కౌలో, యూనిట్‌కు ఇన్ని పైసలనో, ఊరికి ఏటా రావాల్సింది రాసివ్వమని మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడోసారి 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది! ఎవరు పరిష్కరించారో, ఎప్పుడో ఆ ఆఫీసులోనే ఎవరికీ తెలీదు. ఒకప్పుడు అధికారులు కనీసం జీపు దిగి రచ్చబండ మీద కూర్చుని తిట్లైనా వినేవాళ్లు.

ఈసారి మీ విలేకరిని బెంచీల దగ్గరే ఆపకుండా ఆ తాళం దాకా పంపండి, నేనే చూపిస్తా. పొద్దున ఆరున్నరకే వస్తే ట్యాంకర్ కూడా కనబడుతుంది.

– ఓ రైతు, రాయలసీమ