లెక్కలు చెప్పగలిగిన టీచరును ప్రాథమిక బడిలోనే ఉండనివ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరును. పద్దెనిమిదేళ్లుగా అన్ని సబ్జెక్టులూ చెబుతున్నాను. జీతాల గురించో బదిలీల గురించో రాయడం లేదు, వాటికి సంఘాలున్నాయి. 1005 అనే అంకె గురించి రాస్తున్నాను.

మూడో తరగతిలో 'నూట ఐదు' రాయమన్నాను. ఒక పాప 1005 అని రాసింది. పాప విన్నది విన్నట్టే రాసింది: నూరు, దాని పక్కన ఐదు. పదుల ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి మన మాటలో వినిపించదు, కాగితం మీద సున్నాగానే కనిపిస్తుంది. అదే పాపను 52లోంచి 27 తీసివేయమంటే 35 అంది. ఏడులోంచి రెండు తీసింది. చిన్నది పెద్దదానిలోంచే పోతుందని ఎవరో చెప్పి ఉంటారు. ఆ ఎవరో నేనే కావచ్చు. రెండు తప్పులకూ వేరు స్థాన విలువలోనే ఉంది. పుల్లలు పదేసి కట్టలు కట్టిస్తూ, విప్పిస్తూ వారం రోజులు కూర్చుంటే తప్ప అది సరికాదు. అలా కూర్చోకుండా మరో యాభై తీసివేతలు చేయిస్తే తప్పే అలవాటవుతుంది. పైగా మనవి ద్విభాషా పుస్తకాలు. పదిహేనుకూ యాభైకీ మధ్య ఎన్నడూ తికమకపడని పిల్లవాడు ఎదుటి పేజీలోని ఫిఫ్టీన్, ఫిఫ్టీల దగ్గర తడబడతాడు.

ఈ తప్పులను చదవగలగడం ఒక విద్య. డిగ్రీలో గణితం చదివినంత మాత్రాన రాదు, ప్రాథమిక టీచర్ల శిక్షణ కోర్సు డీఈడీలోనూ పూర్తిగా రాదు. పల్లె పిల్లల చదువులను ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతమే. ఆ అంకెను చూసి పిల్లలను, మమ్మల్ని తిట్టినవాళ్లు చాలామంది. మా తరగతిలోకి వచ్చి పక్కన కూర్చుని 'ఈ పాప 1005 ఎందుకు రాసింది' అని అడిగినవాళ్లు మాత్రం నాకు ఇన్నేళ్లలో ఒక్కరే తగిలారు. ఆవిడా నాలాంటి టీచరే. మా స్కూల్ కాంప్లెక్స్‌లోని, అంటే మా చుట్టుపక్కల బడుల సముదాయంలోని, మరో బడిలో పనిచేస్తారు. లెక్కల్లో మాకు ఏ అనుమానం వచ్చినా ఫోను చేసేది ఆవిడకే. ఆ పనికి పదవి లేదు, పీరియడ్ లేదు, కాగితం మీద పేరు కూడా లేదు.

ఇలాంటి టీచరు మన వ్యవస్థలో ఎక్కడికి వెళ్తుందో మీకు తెలుసు. పదోన్నతి వస్తే స్కూల్ అసిస్టెంటుగా హైస్కూలుకు వెళ్తుంది. ప్రాథమిక బడిలో ఉంటూనే పైకి వెళ్లాలంటే ప్రధానోపాధ్యాయ పదవి ఒక్కటే మెట్టు. ప్రధానోపాధ్యాయురాలైతే రిజిస్టర్లు, యాప్‌లు, మధ్యాహ్న భోజనం లెక్కలు మీద పడతాయి. ఆ లెక్కలు వేరు. శిక్షణలకు రిసోర్స్ పర్సన్‌గా పిలిస్తే ఐదు రోజులు మండల కేంద్రంలో మాట్లాడి వస్తుంది. విన్నవాళ్ల తరగతిలో ఆ తర్వాత ఏం జరిగిందో చూసే అవకాశం ఆమెకు ఉండదు. జాతీయ విద్యావిధానం 2020 ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. అందులో పది గంటలైనా సాటి టీచరు తరగతి గదిలో గడిచేలా చేయలేమా?

ప్రాథమిక తరగతులకూ లెక్కలు బాగా తెలిసినవారు కావాలన్న ఆలోచన ప్రభుత్వానికి రాలేదని అనను. బడులను, టీచర్లను తిరిగి సర్దడానికి 2022లో ఇచ్చిన జీవో 117 వెనుక అదీ ఉంది. కానీ దానితో మూడో తరగతి పిల్లవాణ్ణి హైస్కూలుకు నడిపించారు. టీచరు కదలాల్సిన చోట పిల్లవాడు కదిలాడు. 2025లో దాన్ని రద్దు చేసి, మోడల్ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికొక టీచరునిచ్చారు, మంచిదే. ఆ ఐదుగురిలో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కల దారిని ఒక్క చూపుతో చూసేవారు ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు.

నేను అడుగుతున్నది చిన్నదే. ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌లో ఒక సెకండరీ గ్రేడ్ టీచరును గణిత మార్గదర్శిగా గుర్తించండి. ఆమెకు సొంత తరగతి ఉండాలి, అది వదిలితే ఆమె మాటకు విలువ పోతుంది. వారంలో రెండు రోజులు మాత్రం చుట్టుపక్కల ప్రాథమిక బడులకు వెళ్లి, సాటి టీచరుతో కలిసి పాఠం చెప్పి, పిల్లల నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని మాట్లాడాలి. ఆ రెండు రోజులు ఆమె తరగతిని ఎవరు చూడాలి? అసలు చిక్కు ఇదే. ఇద్దరే టీచర్లున్న బడి నుంచి ఒకరిని తీస్తే ఆ బడి కూలుతుంది. కాబట్టి కాంప్లెక్స్‌కు ఒక అదనపు పోస్టు ఇవ్వాల్సిందే. డైట్‌లో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, చదివే ఛాత్రోపాధ్యాయులతో సర్దుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోవద్దు. వాళ్లు నేర్చుకోవడానికి వస్తారు. ఎంపిక సీనియారిటీతో చేయవద్దు. రెండుసార్లు ఆమె పాఠం చూడండి, తోటి టీచర్లను అడగండి.

ఇంకొకటి. ఆమె చేతికి ట్యాబ్ ఇచ్చి, మా తరగతులకు మార్కులు వేయమనవద్దు. మార్కులు వేసే మనిషి ముందు ఏ టీచరూ 'నాకు భాగహారం చెప్పడం రావడం లేదు' అని నోరు తెరిచి చెప్పరు.

ఫలితం మొదటి ఏడాదే అడగవద్దు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ప్రాథమిక బడులకు ఇలాంటి గణిత నిపుణులను నియమించి మూడేళ్లు పరిశీలించారు. 2011లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం పిల్లల మార్కుల్లో తేడా తొలి ఏడాది కనిపించలేదు, ఆ నిపుణులకు అనుభవం వచ్చాకే కనిపించింది. వాళ్లను ముందుగా ప్రత్యేక కోర్సులతో సిద్ధం చేశారు కూడా. అంతదూరం ఎందుకు, ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం ఏపీపెప్ రోజుల్లో టీచర్ సెంటర్లు ఉండేవి. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కలిసి, చేసిన బోధనోపకరణాలు చూపించుకునేవారని మా పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పథకం ముగిసింది, ఆ కలయికా పలచబడింది. నేటి కాంప్లెక్స్ సమావేశంలో సర్క్యులర్లు చదివేసరికే మధ్యాహ్నం అవుతోంది.

పైన చెప్పిన ఆ మేడం పేరు వచ్చే పదోన్నతుల జాబితాలో ఉంది. హైస్కూలుకు వెళ్లాలా, వదులుకుంటూ రాసివ్వాలా అని మొన్న నన్ను అడిగారు. వదులుకుంటే జీతంలో నష్టం, సర్వీసులో నష్టం. ఉండిపోతే ఆవిడకు ఆ బడిలో దక్కేది మా ఫోన్లే. ఉండమని చెప్పలేకపోయాను.

ఇట్లు,
ఒక సెకండరీ గ్రేడ్ టీచరు