ఇమేజ్ హ్యాండ్‌షేక్ ఫొటోల్లో ఉండదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ ఎడిట్ పేజీలో ఒక దేశానికి ప్రపంచంలో మంచి పేరు ఎలా వస్తుందనే దాని మీద వ్యాసం వచ్చింది, చదివా. టూరిజం యాడ్లు, పెద్ద పెద్ద సమ్మిట్లు, క్రీడోత్సవాలు, సినిమాలు, అన్నీ బానే రాశారు గానీ ఫారిన్ పాలసీ గురించి మాత్రం ఆఖరి పేరాలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకైతే వ్యాసం తలకిందులుగా అచ్చయిందేమో అనిపించింది. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగే, కత్తిరించాల్సి వస్తే ముందు నుంచి కత్తిరించండి, చివర్లో ఒక రిక్వెస్ట్ ఉంది, అది మిగిలితే చాలు.

1970 డిసెంబర్ 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ పోలండ్ వెళ్లారు. వార్సాలో నాజీల మీద తిరగబడి చనిపోయిన యూదుల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం పెట్టాలి, ప్రోగ్రాంలో ఉన్నది అంతే. ఆయన పెట్టారు, దాని రిబ్బన్ సర్దారు, కాస్త వెనక్కి జరిగారు, జరిగి ఉన్నట్టుండి ఆ తడి నేల మీదే మోకరిల్లారు. ఒక్క మాట లేదు. ఈయనేమో హిట్లర్ టైంలో దేశం వదిలి నార్వే పారిపోయి బతికినాయన, అంటే ఆ పాపంతో అందరికంటే తక్కువ సంబంధం ఉన్న మనిషి అన్నమాట. సొంత దేశంలో ఏమన్నారో తెలుసా, డేర్ స్పీగల్ పత్రిక సర్వే చేయిస్తే 48 శాతం మంది ఇది అతి అన్నారు, 41 శాతం మంది బానే ఉంది అన్నారు. మరుసటి ఏడాది ఆయనకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆ మోకరిల్లిన ఫొటో ఇప్పటికీ కొత్త జర్మనీకి గుర్తుగా తిరుగుతూనే ఉంది.

అయితే ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఫొటో దగ్గరే ఆగిపోతారు. అదే రోజు ఆయన ఇంకో పని కూడా చేశారు, పోలండ్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టి, యుద్ధం తర్వాత గీసిన ఓడర్-నైసా సరిహద్దుని ఒప్పుకున్నారు. ఆ గీతకి అవతల ఉన్నదంతా ఒకప్పుడు జర్మనీ భూమి. అక్కణ్ణుంచి తరిమేస్తే వచ్చిన లక్షలాది మంది పశ్చిమ జర్మనీలో ఓటర్లుగా ఉన్నారు, వాళ్ల ఓట్లు పోతాయని తెలిసీ పెట్టిన సంతకం అది. ఆ సంతకం లేకపోతే మోకరిల్లడం ఉత్త నాటకం అయ్యేది, పోలండ్ వాళ్లు కూడా అలాగే చూసేవాళ్లు. నా పాయింటల్లా ఇదేనండీ, తనకి నష్టం వచ్చే చోట ఒక దేశం ఏం చేస్తుందో దాన్ని బట్టే దానికి పేరు, ఖర్చు లేని మాటలు ఎవరైనా చెప్తారు.

ఇప్పుడు దీనికి సరిగ్గా రివర్స్ చూడండి. 2003 ఫిబ్రవరి 5, ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి. అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ చిన్న గాజు సీసా చేత్తో పట్టుకుని, ప్రాణాలు తీసే ఆంత్రాక్స్ అనే క్రిముల పొడి ఇంత చాలు అన్నట్టు చూపిస్తూ ఇరాక్ దగ్గర ప్రమాదకరమైన ఆయుధాలు ఉన్నాయని చెప్పారు. ఆ ప్రభుత్వంలో ప్రపంచం ఎక్కువగా నమ్మింది ఆయన్నే, అందుకే ఆయన్ని కూర్చోబెట్టారు కూడా. మండలి హాలు బయట యుద్ధం ఎంత ఘోరమో చెప్పే పికాసో గెర్నికా చిత్రం నేత రూపంలో వేలాడుతూ ఉండేది, సరిగ్గా ఆ రోజుల్లో దానికి నీలం తెర కప్పారు. టీవీ కెమెరాలకి బ్యాక్‌గ్రౌండ్ ప్లెయిన్‌గా ఉండాలని కప్పాం అన్నారు, అయ్యుండొచ్చు, కానీ ఆ తెర మాత్రం జనానికి గుర్తుండిపోయింది. మార్చిలో యుద్ధం మొదలైంది, ఎంత వెతికినా ఆ ఆయుధాల నిల్వలు దొరకలేదు. 2005లో పావెల్ గారే టీవీ ఇంటర్వ్యూలో ఆ ప్రసంగం నా రికార్డు మీద మచ్చ అని ఒప్పుకున్నారు. ఆయన మచ్చ సరే, దేశం మచ్చ సంగతేంటి? 2022లో రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్తే, దేశాల సార్వభౌమత్వం గురించి అమెరికా నోరెత్తిన ప్రతిసారీ ఎక్కడో ఒక చోట నుంచి మరి ఇరాక్ సంగతేంటని వినపడింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత! రష్యా చేసింది తప్పు కాకుండా పోదు, కానీ చెప్పేవి శ్రీరంగ నీతులు అనిపించుకున్నాక నువ్వు చెప్పే నిజం కూడా సగం ధరకే పోతుంది.

ఇది ఒక్క అమెరికా జబ్బు అనుకోకండి. ఐక్యరాజ్య సమితిలో అన్ని దేశాలూ ఓటేసే జనరల్ అసెంబ్లీలో 2022 మార్చి 2న రష్యా దాడిని తప్పుబడుతూ ఓటింగ్ పెడితే 141 దేశాలు అవునన్నాయి, 5 కాదన్నాయి, 35 ఎటూ వెయ్యకుండా కూర్చున్నాయి. 2023 డిసెంబర్ 12న గాజాలో కాల్పులు ఆపాలని పెడితే అవునన్నవి 153, కాదన్నవి 10, ఊరుకున్నవి 23. ఈ రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, టీవీ డిబేట్ల కంటే ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. మొదటి దాంట్లో అంతర్జాతీయ చట్టం అని గొంతు చించుకున్న కొన్ని దేశాలు రెండో దాంట్లో మౌనవ్రతం పట్టాయి. రెండో దాంట్లో న్యాయం గురించి గట్టిగా మాట్లాడినవి కొన్ని మొదటి దాంట్లో గోడ మీద పిల్లిలా కూర్చున్నాయి. దక్షిణాఫ్రికానే తీసుకోండి, ఉక్రెయిన్ ఓటింగ్‌లో తటస్థం, అదే దేశం 2023 డిసెంబర్ 29న ఇజ్రాయెల్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో జినోసైడ్ కేసు, అంటే ఒక జాతినే తుడిచిపెడుతున్నారనే కేసు, వేసింది. కేసు వేసినందుకు చాలా దేశాల్లో చప్పట్లు కొట్టారు, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఉన్నోళ్లకి మాత్రం ఆ ముందు మౌనమే గుర్తుంటుంది. ఒకే దేశం, ఇద్దరి కళ్లలో రెండు ఇమేజ్‌లు. మీ వ్యాసంలో ప్రపంచం దృష్టిలో, ప్రపంచం దృష్టిలో అని పదే పదే రాశారు గానీ అసలు ఆ ప్రపంచం అనేవాడు ఒకడు కాదు కదండీ.

డబ్బు, సైన్యం లేకపోయినా పేరు వస్తుందా అంటే గాంబియా కథ చెప్పాలి. ఆఫ్రికా మెయిన్‌ల్యాండ్‌లో అన్నిటికంటే చిన్న దేశం, ఒక నది వెంబడి సన్నగా ఉంటుంది. 22 ఏళ్ల నియంత పాలన పోయి 2017లో ఊపిరి పీల్చుకుంది. 2018లో ఆ దేశం న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబాదు బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ దగ్గర, మయన్మార్ సైన్యం దాడులకి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింల క్యాంపులకి వెళ్లారు. ఆయన అంతకుముందు రువాండా మారణకాండ మీద పెట్టిన ట్రిబ్యునల్లో లాయరుగా పనిచేసినాయన, ఇలాంటి కథలు ఎన్నో విన్న మనిషి. 2019 నవంబర్లో గాంబియా వెళ్లి నెదర్లాండ్స్‌లోని ద హేగ్‌లో ఉన్న ఆ అంతర్జాతీయ న్యాయస్థానంలోనే మయన్మార్ మీద జినోసైడ్ కేసు వేసింది. వెనక ఇస్లామిక్ దేశాల సంస్థ మద్దతు ఉందనుకోండి, అయినా ముందుకొచ్చి సంతకం పెట్టింది ఈ చిన్న దేశమే, మయన్మార్‌తో దానికి సరిహద్దూ లేదు, పాత పగలూ లేవు.

ఆ డిసెంబర్ విచారణకి మయన్మార్ తరఫున ఎవరొచ్చారంటే అప్పుడు అక్కడి ప్రభుత్వాన్ని నడుపుతున్న ఆంగ్ సాన్ సూకీ. 1991 నోబెల్ శాంతి గ్రహీత, దాదాపు పదిహేనేళ్లు గృహనిర్బంధంలో ఉన్నావిడ, స్వయంగా వచ్చి సైన్యం చేసింది జినోసైడ్ కాదని వాదించారు. అప్పటికే తరుగుతూ వస్తున్న పేరు ఆ మూడ్రోజుల్లో అడుగంటింది. తర్వాతి జనవరిలో కోర్టు రోహింగ్యాల రక్షణకి మధ్యంతర ఆదేశాలు ఏకగ్రీవంగా ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఏ సైన్యాన్ని వెనకేసుకొచ్చారో అదే సైన్యం ఆవిణ్ణి లోపల వేసింది, అది వేరే విషాదం.

ఏమీ చెయ్యకపోవడం కూడా ఫారిన్ పాలసీయే, దానికీ బిల్లు వస్తుంది. 1995 జులైలో బోస్నియా యుద్ధంలో ఐరాస సేఫ్ ఏరియా అని ప్రకటించిన స్రెబ్రెనిత్సా ఊరికి డచ్ (నెదర్లాండ్స్) సైనికులు కాపలా ఉన్నారు, కొద్దిమంది, ఆయుధాలూ అంతంతే, అడిగిన విమాన దాడులు టైంకి రాలేదు. బోస్నియా సెర్బు సైన్యం వాళ్ల కళ్ల ముందే మగవాళ్లనీ అబ్బాయిల్నీ వేరు చేసి తీసుకెళ్లి 8 వేల మందికి పైగా చంపేసింది. అంతర్జాతీయ న్యాయానికి రాజధాని అని చెప్పుకునే దేశానికి ఇంతకంటే తలవంపు ఉండదు. ఏడేళ్ల తర్వాత 2002 ఏప్రిల్లో విచారణ నివేదిక బయటికి రాగానే నెదర్లాండ్స్ ప్రధాని విమ్ కోక్ ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది. చనిపోయినోళ్ల తల్లులకి అది చాలదు, చాలుతుందని నేను అనను, కానీ మేం తప్పు చెయ్యలేదని అరిచే దేశాల మధ్యలో అదొక్కటి గుర్తుపెట్టుకోదగ్గది.

అరవడం అంటే గుర్తొచ్చింది, ఇప్పుడు విదేశాంగ ప్రతినిధులు ఎక్స్‌లో పెట్టే పోస్టులు. అవతలి దేశాన్ని ఏకిపారేస్తే ఇక్కడ మనవాళ్లు లైకులు కొడతారు, అక్కడ ఏం జరుగుతుందో ఎవరూ చూడరు. మాటా మాటా పెరిగితే ఏమవుతుందో చూడండి, 2020 ఏప్రిల్లో ఆస్ట్రేలియా కరోనా ఎక్కడ పుట్టిందో స్వతంత్ర విచారణ జరగాలి అంది. చైనా ఎగిరిపడింది, మే నెలలో ఆస్ట్రేలియా బార్లీ మీద మొత్తం 80.5 శాతం సుంకం వేసింది, మరీ తక్కువ ధరకి తెచ్చి డంపింగ్ చేస్తున్నారు అందుకని అంది గానీ ఎవరూ నమ్మలేదు. ఆ ఏడాదే అమెరికా సర్వే సంస్థ ప్యూ అడిగితే ఆస్ట్రేలియాలో చైనా అంటే ఇష్టం లేదన్నవాళ్లు 81 శాతం, అంతకుముందు ఏడాదికంటే 24 పాయింట్లు ఎక్కువ. 2023 ఆగస్టులో ఆ సుంకం తీసేశారు. తీసెయ్యడానికి ఒక ఆర్డర్ చాలు, పోయిన నమ్మకం ఆర్డర్ మీద రాదు కదా.

మనదీ ఒకటి చెప్పకపోతే పక్షపాతం అంటారు. 2021 జనవరిలో భూటాన్, మాల్దీవులతో మొదలుపెట్టి ఇండియా కరోనా వ్యాక్సిన్లు పంపింది, పెద్ద దేశాలు తమకే దాచుకుంటున్న టైంలో ఇది నిజంగా గొప్ప పని, పేరూ వచ్చింది. సెకండ్ వేవ్ ముంచుకురాగానే ఎగుమతులు ఆగిపోయాయి, మళ్లీ మొదలయ్యేసరికి అక్టోబర్ అయింది. సొంత జనం ఆక్సిజన్ లేక చచ్చిపోతుంటే ఇంకేం చేస్తారని నేనూ అంటాను. కానీ ఆ సరఫరానే నమ్ముకున్న, కోవాక్స్ అనే ప్రపంచ వ్యాక్సిన్ల పంపిణీ పథకంలోని పేద దేశాల వైపు నుంచి చూడండి, మొదటి డోసు వేసుకుని రెండోదాని కోసం ఎదురుచూసినవాడికి మన కష్టం అర్థమవుతుంది గానీ ఎదురుచూపు మర్చిపోడు. ఈ రెండో సగం రాయకుండా మొదటి సగమే రాసుకుంటే మనకి మనమే బాకా ఊదుకున్నట్టు.

ఇక నా రిక్వెస్ట్. దేశాధినేతలు చేతులు కలుపుకునే ఫొటోలు మొదటి పేజీలో పెద్దగా వేస్తున్నారు, వేసుకోండి, కాదనను. దాంతోపాటు ఐరాసలో ముఖ్యమైన ఓటింగ్ జరిగినప్పుడల్లా ఏ దేశం ఎటు వేసిందో లోపలి పేజీలో చిన్న బాక్స్ వెయ్యండి. 193 పేర్లు పట్టవంటే ఒక ఇరవై ముప్పై చాలు, మన దేశం పేరు తప్పకుండా ఉండాలి. జనరల్ అసెంబ్లీ బోర్డు మీద అవునుకి ఆకుపచ్చ, కాదుకి ఎరుపు, ఎటూ కానిదానికి పసుపు కనపడుతుంది, మీ దగ్గర కలర్ పేజీలు ఎలాగూ ఉన్నాయి, ఆ రంగులే వాడొచ్చు. కింద అదే దేశం అలాంటి విషయం మీదే కిందటిసారి ఎటు వేసిందో ఇంకో చుక్క పెడితే చాలు, వ్యాఖ్య అక్కర్లేదు, మేం చూసుకుంటాం.

ఇట్లు,
మీ పాత పాఠకుడు