గుత్తి సాలీడుకు మా ఇంట్లో పురుడు

ఎడిటర్ గారూ, గుత్తి పేరుతో ప్రపంచమంతా పిలిచే నీలం టరాంటులాను, అంటే ఒళ్లంతా నూగున్న పెద్ద సాలీడును, డాలస్‌లో పెంచుతున్నాను, మా ఆవిడ ఆ గది గడప తొక్కదు. 1899లో బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త పోకాక్ దీన్ని లోకానికి పరిచయం చేస్తే, అడవిలో మళ్లీ కనబడింది 2001లో, నంద్యాల-గిద్దలూరు మధ్య. మా సాలీడు గుడ్లు పెట్టాక నెల ఆగి, తల్లి దగ్గర్నుంచి గుడ్ల సంచి మెల్లగా లాగి కత్తెరతో విప్పితే సగ్గుబియ్యంలాంటి గుడ్లు, కొన్నిటికి అప్పుడే కాళ్లు! టిష్యూ మీద పరిచి, డబ్బా అడుగున నీళ్లు పోసి, 26 డిగ్రీల దగ్గర ఉంచాను. నల్లబడ్డవి రోజూ ఏరేయాలి, లేకపోతే మిగతావాటికీ బూజు పాకుతుంది, ఆ టెన్షన్ నాకే తెలుసు. ఇళ్లలో పుట్టిన పిల్లలే దొరుకుతుంటే అక్కడ నంద్యాల వైపు అడవిలో చెట్టు తొర్రల్లోంచి దొంగతనంగా పట్టుకుపోవడం దేనికండీ? దాని మీద ఒక్కసారి రాయండి.

- ఒక పాఠకుడు, డాలస్