మేష్టారు అడిగిన 6,500 రూపాయల లెక్క

విశాఖపట్నంలో మా వాడకం (సెకండ్ హ్యాండ్) కార్ల షాపులో కారు కొన్నవాళ్ళకీ, కొందామని చూస్తున్నవాళ్ళకీ నమస్కారం.

గత నెలలో గోపాలపట్నం నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు వచ్చి మా దగ్గర ఎర్ర రంగు చిన్న కారు తీసుకున్నారు. పొద్దున్నే డెలివరీ ఇచ్చాను. ఆయన, వాళ్ళావిడ, మనవడు నేరుగా ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్ళి పూజ చేయించుకుని, నిమ్మకాయలు తొక్కించుకుని ఇంటికెళ్ళారు. సాయంత్రం ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చేసరికి, బండి ఎక్కడైనా ఆగిపోయిందేమోనని టెన్షన్‌తో ఎత్తాను.

"బాబూ, బండి బంగారంలా ఉంది. బిల్లు చూసుకుంటున్నాను. ప్రాసెసింగ్, డాక్యుమెంటేషన్ అని 6,500 వేశావు. దేనికో కాస్త చెప్తావా? మా అబ్బాయికి లెక్క పంపాలి."

"ఆర్‌సీ పేరు మార్పుకండి మేష్టారూ."

"పేరు మార్పుకి అంతవుతుందా నాయనా? మా పక్కింటాయన మొన్ననే వాళ్ళబ్బాయి పేరు మీదికి మార్చాడు. రెండు వేలు కూడా అవలేదన్నాడే?"

నా దగ్గర సమాధానం లేదు. రేపు చెప్తానండీ అని ఫోన్ పెట్టేశాను. ఆయన కోపంగా అడగలేదు, తిట్టలేదు. లెక్క అడిగారంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకి మర్నాడు ఏం చెప్పానో ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను.

ఆర్‌సీలో పేరు మార్చడానికి కేంద్రం నిబంధనల్లో ఉన్న ఫీజు కారుకి 300 రూపాయలు. లోన్ ఉంటే హైపోథికేషన్ (బండి తాకట్టులో ఉందని లోన్ ఇచ్చినవాళ్ళ పేరు) ఎక్కించడానికి 1,500. దీని మీద రాష్ట్రం సర్వీస్ ఛార్జీ లాంటివి కలుస్తాయి. మేష్టారి బండికి లోన్ లేదు. ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసు చుట్టూ తిరిగే ఏజెంటుకి ఇచ్చిన వెయ్యితో కలిపినా నాకైంది రెండు వేలలోపే. మిగిలిన 4,500 నేను ఉంచుకున్నాను. దానికి డాక్యుమెంటేషన్ అని పేరు పెట్టాను.

ఈ ఛార్జీ మొదటి నుంచీ లేదు. దసరా వెళ్ళాక మొదలుపెట్టాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పైనున్న సెస్ (అదనపు పన్ను) కూడా పోయింది. కొనేవాళ్ళకి అది పండగే. కానీ అప్పటికే పాత లెక్కలో కొని పెట్టుకున్న బండ్లు మా యార్డులో 11 ఉన్నాయి. కొత్త బండి ధర పడిపోయాక మూడేళ్ళ వాడకం బండికి పాత ధర ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. నాలుగు బండ్ల మీద కలిపి 1,62,000 పోయింది. ఆ పోయిన డబ్బు ఎలా రాబట్టాలా అని కూర్చున్నప్పుడు నాకు తోచింది ఈ 6,500.

బండి ధరే ఎందుకు పెంచలేదని మీకు అనుమానం రావచ్చు. ధర పెంచితే మీకు తెలిసిపోతుంది. ఫోన్‌లో పది చోట్ల అదే మోడల్, అదే సంవత్సరం ధర చూసుకుని వస్తారు. అక్కడ 4,95,000 ఉండి నా దగ్గర ఐదు లక్షలు దాటితే గేటు లోపలికి రారు. ఛార్జీ అలా కాదు. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి, మంచిరోజు చూసుకుని, ఇంట్లో అందరికీ చెప్పుకున్నాక 6,500 దగ్గర బేరం వదులుకుని వెళ్ళేవాళ్ళు ఉండరు. అది నాకు తెలుసు, తెలిసే చేశాను. అందుకే ఇది తప్పు. డబ్బు ఎంత అన్నదానికంటే, మీరు వెనక్కి వెళ్ళలేని చోట అడగడం పెద్ద తప్పు.

సొంత షాపు పెట్టకముందు ఎనిమిదేళ్ళు ఒక కొత్త కార్ల షోరూమ్‌లో సేల్స్‌లో పనిచేశాను. ఈ పద్ధతి నేర్చుకుంది అక్కడే. కొత్త బండి ఎక్స్‌షోరూమ్ ధర (ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర) కంపెనీ చెప్పిందే, అందులో డీలరు చెయ్యి ఆడేది తక్కువ. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ప్రభుత్వానివి. పది లక్షలు దాటిన బండి మీద కట్టించుకునే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే మీ దగ్గర వసూలు చేసి కట్టే పన్ను) మీ పాన్ మీద జమవుతుంది, ఆదాయపు పన్ను రిటర్న్‌లో లెక్కకొస్తుంది, అది పోయే డబ్బు కాదు. మరి షోరూమ్ బతికేది దేని మీద? ఇన్సూరెన్స్ కమీషన్, లోన్ కమీషన్, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, హ్యాండ్లింగ్ ఛార్జీ. కొటేషన్‌లో హ్యాండ్లింగ్ అని కనిపిస్తే అది ప్రభుత్వానికి వెళ్ళేది కాదు, తీసెయ్యమని గట్టిగా అడగండి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళకి జరిగే నష్టం) ప్రీమియం ప్రభుత్వం ఖరారు చేసింది, ఎక్కడైనా ఒకటే. తేడా అంతా ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలో ఉంటుంది. బయట రెండు చోట్ల అడిగి, ఆ కాగితం షోరూమ్‌లో చూపిస్తే తగ్గడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇక మా వాడకం బండ్ల విషయం. ఇక్కడ ఎంఆర్‌పీ లేదు. అసలు ధర ఎలా కడతామో ఒక బండి పెట్టి చెప్తాను, ఎందుకంటే మార్జిన్ అంటే అంతా జేబులోకి వెళ్ళే డబ్బని చాలామంది అనుకుంటారు.

లాసన్స్ బే కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ నుంచి తెల్ల హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. ఒకే ఓనరు, తిరిగింది 38,000 కిలోమీటర్లే. ఫోటోల్లో పెళ్ళికూతురులా ఉంది. ఫోటోలు చూసి 4,60,000 దాకా అనుకున్నాను. గాజువాక ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గర ర్యాంపు ఎక్కించాం. ఆయన టార్చ్ వేసి, డోరు కింద బాడీ అంచు మీద స్క్రూడ్రైవర్ పిడితో రెండు దెబ్బలు కొట్టాడు. టంగుమని మోగాల్సింది మొద్దుగా వినిపించింది. ఇంకో దెబ్బకి పెయింట్ పెచ్చు ఊడి, కాఫీపొడిలాంటి తుప్పు ఆయన ముంజేతి మీద రాలింది. సైలెన్సర్ బిగింపులు వేలితో తోస్తే కదులుతున్నాయి. ఏడేళ్ళు సముద్రానికి ఎదురుగా, సెల్లార్ లేని పార్కింగ్‌లో నిలబడ్డ బండి అది. మన ఊళ్ళో ఉప్పుగాలి కారుని పైనుంచి తినదు, కింద నుంచి తింటుంది. అదే మోడల్, అదే సంవత్సరం బండి అనకాపల్లిలోనో చోడవరంలోనో తిరిగి ఉంటే, 70,000 కిలోమీటర్లు దాటినా దాన్నే తీసుకుంటాను. మీటరు చూసి మోసపోకండి, ర్యాంపు ఎక్కించకుండా ఎక్కడా అడ్వాన్స్ ఇవ్వకండి. మా దగ్గరైనా సరే.

ఆ బండి 4,10,000కి కొన్నాం, 4,95,000కి అమ్మాం. తేడా 85,000. అందులో ముందు టైర్లు రెండు 9,400. తుప్పు గీకించి వెల్డింగ్ పెట్టించి అండర్ బాడీ కోటింగ్ వేయించడానికి 8,500. క్లచ్ ప్లేటు 7,800, ఏసీ సర్వీస్ 2,800, లోపల క్లీనింగ్ 1,500. మొత్తం 30,000. బండి చూపించిన బ్రోకరుకి 5,000. కొన్న డబ్బు నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చింది, బండి రెండు నెలలు కదల్లేదు, 12,300. షాపు అద్దె, ఇద్దరు కుర్రాళ్ళ జీతాల్లో ఈ బండి వంతు 11,000. తర్వాత జీఎస్టీ. వాడకం బండి మీద రిజిస్టర్డ్ డీలరు కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీద కట్టాలి. 2025 జనవరి 25 నుంచి చిన్న బండైనా పెద్ద బండైనా 18 శాతం. రిపేర్లకి పెట్టిన 30,000 ఆ తేడాలోంచి తీసెయ్యడానికి లేదు, దాని మీదా కట్టాలి. ఆ 85,000లోనే పన్ను కలిసి ఉందని లెక్కేస్తే, అలా వెళ్ళింది సుమారు 12,966. అన్నీ పోగా నాకు మిగిలింది 13,734. నష్టానికి అమ్మిన బండికి ఈ పన్ను ఉండదు, అదొక్కటే ఊరట. మీరు మీ బండి తెలిసినవాళ్ళకి నేరుగా అమ్ముకుంటే మీకు జీఎస్టీ లేదు, దాని గురించి భయపడకండి.

13,734 తక్కువా ఎక్కువా అన్నది మీ ఇష్టం. నేను జాలి కోసం చెప్పట్లేదు. ఈ లెక్క ముందే మీ ముందు పెట్టి ఉంటే, మేష్టారితో సహా ఎవరూ నాతో గొడవ పడేవాళ్ళు కాదు. నేనే దాచి పాడుచేసుకున్నాను.

ఇంకో లెక్క ఉంది, అది చెప్పడానికి ఇంకా కష్టంగా ఉంది. లోన్.

పరవాడ ఫార్మా కంపెనీలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి నిరుడు మా దగ్గర బండి తీసుకుంది. మూడు లక్షల లోన్, మూడేళ్ళు. ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు నా టేబుల్ దగ్గరే కూర్చుని "తొమ్మిది శాతమే మేడమ్" అన్నాడు. ఆ తొమ్మిది ఫ్లాట్ వడ్డీ. అంటే నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం మొదటి మూడు లక్షల మీదే పడుతూ ఉంటుంది. మూడేళ్ళకి వడ్డీ 81,000, నెలకి కిస్తీ 10,583. తీరుతున్న అసలు మీద లెక్కేస్తే అది 16 శాతం పైమాట. నాకు ఆ సంగతి తెలుసు. పక్కనే కూర్చుని నోరు విప్పలేదు. ఎందుకంటే ఆ లోన్ మీద నాకు ఒకటిన్నర శాతం, 4,500, వచ్చింది.

లోన్ తీసుకుంటే బండి ధర తగ్గిస్తామని ఎవరైనా అంటే కారణం ఇదే. రొక్కం ఇచ్చేవాళ్ళ మీద డీలరుకి ఈ కమీషన్ ఉండదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి రిటైల్ లోన్లకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలు పెట్టింది. అందులో వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక్క అంకెలో రాసి ఉంటుంది. సంతకం పెట్టకముందే ఆ కాగితం చేతిలో పెట్టమని అడగండి. నోటితో చెప్పే శాతం నమ్మకండి. ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. మిగిలిన లోన్ తన జీతం పడే బ్యాంకుకి మార్చుకోవచ్చేమో అడుగుతోంది. ముందే కట్టేస్తే పాత కంపెనీ వేసే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఎంతో చూసి, లాభమైతే ఆ కాగితాల పని నేనే తిరిగి చేయిస్తానన్నాను.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా బిల్లులో బండి ధర ఒక్కటే ఉంటుంది. ఆర్టీఏ ఫీజులు రసీదులో ఎంత ఉంటే అంతే. ఏజెంటు ఖర్చు మాది. లోన్, ఇన్సూరెన్స్ మా ద్వారా తీసుకుంటే మాకు ఎంత కమీషన్ వస్తుందో బిల్లు కింద రాసిస్తాం. మీ బ్యాంకు లోన్ మీరు తెచ్చుకున్నా ధర అదే. రిపేర్ల బిల్లులు, ర్యాంపు మీద తీసిన వీడియో ప్రతి బండి ఫైల్‌లో ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద తర్వాత విజయవాడ వైపు నుంచి చౌకగా బండ్లు రావడం మొదలైనప్పటి నుంచీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ చూడకుండా బయటి ఊరి బండి కొనడం మానేశాను. ఆ కాగితం కూడా ఫైల్‌లోనే పెడతాం.

మాకు బండి అమ్మేవాళ్ళకి ఒక మాట. ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు పెట్టి తాళం ఇచ్చేస్తే పని అయిపోయిందనుకోకండి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగితే పరిహారానికి వాళ్ళే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. డీలరు చేతికి బండి వచ్చినట్టు రవాణా శాఖకి తెలిపే పద్ధతి 2023 ఏప్రిల్ 1 నుంచి రూల్స్‌లో ఉంది. ఫారం 29సీ. అది లేకుండా మాకే కాదు, ఏ డీలరుకీ బండి వదలకండి.

6,500 పోయింది కాబట్టి బండ్ల ధరల్లో మార్పు ఉంటుంది. ఒక్కో బండి మీద సుమారు 3,000 పెరుగుతుంది. అది గేటు దగ్గర బోర్డు మీదే కనిపిస్తుంది, నచ్చకపోతే అక్కడి నుంచే వెళ్ళిపోవచ్చు.

దసరా తర్వాత మా దగ్గర 23 మంది బండి తీసుకున్నారు. ఒక్కొక్కరికి 4,500 వెనక్కి ఇస్తున్నాను. 14 మందికి ఇప్పటికే ఫోన్‌పేలో పంపాను. మేష్టారు మాత్రం ఫోన్‌పే వద్దన్నారు, మొన్న ఆదివారం మనవడిని వెంటబెట్టుకుని షాపుకే వచ్చారు. డబ్బు లెక్కపెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి, పాత బిల్లు మీద ఆ ఛార్జీ లైను కొట్టేసి, పక్కన 2,000 అని రాసి, నాతో సంతకం పెట్టించుకుని వెళ్ళారు. మిగిలిన ఎనిమిది మందిలో ఐదుగురి నంబర్లు మారినట్టున్నాయి, కలవడం లేదు. మీరు వాళ్ళలో ఒకరైతే బిల్లు, ఆర్‌సీ జిరాక్స్ పట్టుకుని రండి. మంగళవారం తప్ప రోజూ పొద్దున్న పది నుంచి రాత్రి ఎనిమిది దాకా షాపులోనే ఉంటాను.